ఎత్తకూడని పళ్ళెం

మొన్నటి శీతకాలం దోహాలో మా అమ్మాయి ఇంట గడిపాను. ఉమ్ ఘువైలినాలో వాళ్ళ ఫ్లాటు. ఒకనాడు అమ్మాయి, రెండు రోజులు సముద్రం ఒడ్డున రిసార్టులో ఉండి వద్దామన్నది. అక్కడ ముందు కట్టే సొమ్ములోనే అన్నీ అట. "అన్నీ" అంటే ఏవేవి అని అడిగాను. పడక, తిండి, పానీయాలు, పడవ షికారు, తుడుచుకొనే తువ్వాళ్ళు సైతమన్నది. లోపల ఎవరూ పైసా అడగరట, ఎంత తిన్నా ఇంకా పెడతారట. అట్టి చోటు ఎట్లా ఉంటుందో చూడాలని నాకు మిక్కిలి కుతూహలం కలిగింది.

మదీనత్ అల్ షమాల్ దారిలో గంటకు పైగా ప్రయాణించి చేరాము. వాకిటనే ఒక అమ్మాయి నా కుడి మణికట్టుకు నీలిరంగు పట్టీ చుట్టింది. విప్పుదామన్నా ఊడి రాదు. వెళ్ళేనాడు కత్తిరిస్తారట. మనలో కంకణం కట్టుకున్నవాడికి అన్నీ నియమాలే. అది తినరాదు, ఇక్కడ పడుకోరాదు, పొలిమేర దాటరాదు. ఇక్కడ కంకణం పడగానే నియమాలన్నీ తొలగిపోతాయి. ఈ వైపరీత్యాన్ని తలచుకొని నాలో నేనే నవ్వుకున్నాను.

అక్కడి సముద్రం మన తూర్పుతీరపు సముద్రం వంటిది కాదు. అలలు లేవు, హోరు లేదు. పంచె ఎగగట్టి ఎంతో దూరం నడిచినా నీరు మోకాలు దాటలేదు. ఆ విచిత్రం చూస్తూ భోజనవేళ మరచాను. అమ్మాయి వచ్చి పిలుచుకొని పోయింది.

భోజనశాలలో రొట్టెలే తొమ్మిది రకాలు. ఒక్కొక్కటి దేనితో చేస్తారో అడుగుతూ పోతున్నాను. మా బల్లకు వడ్డన చూసే అతడు మా మాటలు విని, "మనోళ్ళేనా సారూ" అన్నాడు. జగిత్యాల దిక్కువాడు, నలభై దాటినవాడు. ఆరేళ్ళు కట్టడాల దగ్గర ఇనుప చువ్వలు వంచాడు. నడుము పట్టేయడంతో ఎవరినో బతిమాలి ఇక్కడికి మారాడు. రెండు నెలల పరీక్షాకాలం మరునాటితో ముగుస్తుంది. సూపర్‌వైజరమ్మకు నచ్చితే ఇక్కడే ఉంటాడు. నచ్చకపోతే మళ్ళీ కూలీల క్యాంపుకు, మళ్ళీ చువ్వల దగ్గరికి. నేను అడుగుతూ పోగా ఇదంతా నవ్వుతూనే చెప్పాడు.

తినడం ముగించి, అలవాటు కొద్దీ నా పళ్ళెం నేనే ఎత్తుకొని వంటింటి తలుపు వైపు నడిచాను. అతడు దూరం నుండి పరుగున వచ్చి పళ్ళెం అందుకోబోయాడు. "పరవాలేదు నాయనా" అంటూ నేనే తీసుకుపోయి అక్కడి గట్టు మీద పెట్టాను. తిరిగి వస్తుండగా నల్లకోటు తొడుక్కున్న సూపర్‌వైజరమ్మ అతణ్ణి పక్కకు పిలవడం కనిపించింది. ఆమె ఏ దేశస్థురాలో తెలియదు. గొంతు పెంచలేదు. చేతిలోని పలకవంటి ట్యాబ్‌లో ఏదో రాసుకున్నది. అతడి ముఖం మాత్రం వాడిపోయింది.

సాయంత్రం తేనీరు తెచ్చినప్పుడు ఏమైందని అడిగాను. మొదట ఏం లేదన్నాడు. వదలక అడిగేసరికి చెప్పాడు.

"గెస్టే లేచి ప్లేటు మోస్తే నేను టేబుల్ సూస్తలేనని రాస్తరు సారూ."

"మరి ముందే తీయవలసింది కదా?"

"ఎట్ల తీస్త? చెంచాలు పక్కపక్కన పెడితే అయిపోయినట్టు, అడ్డంగ పెడితే ఇంక తింటున్నట్టు. మీరు చేత్తోని తిన్నరు. అయిందో కాలేదో నాకు సమజ్ కాలే. నడుమల తీస్తే అదింకో తప్పు."

రెండు చెంచాలు తీసుకొని ఎట్లా పెడితే ఏమి అర్థమో నాకు చూపించాడు. ఇన్నేళ్ళు వచ్చినా చెంచాలకు ఇంత భాష ఉన్నదని నాకు తెలియదు. నా సంగతీ చెప్పాను. సంస్కృత పాఠశాలలో చదివే రోజుల్లో వారాలు చేసుకొని, ఏడు రోజులు ఏడిళ్ళలో తిన్నవాణ్ణి. తిన్న విస్తరి తానే ఎత్తి, చోటు అలికి రావాలి. అట్లా చేయనివాణ్ణి మరుసటి వారం ఆ గడప తొక్కనిచ్చేవారు కారు.

అతడు అంతా విని, "మీరు మంచిగనే చేసిండ్రు సారూ, నాకే చెడ్డగైంది" అన్నాడు.

సూపర్‌వైజరమ్మకు నేనే చెబుతానన్నాను. వద్దన్నాడు. తానే చెప్పించానని ఆమె అనుకుంటుందట.

"పొద్దుమీకి మీరు కూసోండ్రి, గంతే. అయిపోంగనే ఆ న్యాప్కిన్ గుడ్డను ఆకు మడిచినట్టు మడవుండ్రి. నాకెరుకైతది, నేనొస్త."

పొద్దు గుంకిన వెంటనే భోజనానికి కూర్చున్నాము. సూపర్‌వైజరమ్మ స్తంభం పక్కన పలకతో నిలబడి ఉన్నది. పెరుగన్నం ముగించి, ఎడమచేత్తో గుడ్డను విస్తరిలాగా నా వైపుకే మడిచాను. సరిగ్గా అప్పుడే అవతలి బల్ల దగ్గర ఒక పసివాడు పళ్ళరసం ఒలకబోశాడు. అతడు అక్కడ వంగి తుడుస్తున్నాడు. నా మడత అతడికి కనబడలేదు. ఎంగిలి పళ్ళెం ముందు చేయి ఎండబెట్టుకొని కూర్చోవడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది. కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. అమ్మాయి పళ్ళెం జరపబోతే కంటితోనే వారించాను. సూపర్‌వైజరమ్మ చూపు ఒకసారి నా పళ్ళెం మీద, ఒకసారి అతడి వీపు మీద పడుతున్నది.

అతడు లేచి ఇటు చూశాడు. నా వైపు రాక, వంటింటి లోపలికి వెళ్ళాడు. మరుక్షణం నిమ్మబద్ద వేసిన గోరువెచ్చని నీళ్ళ గిన్నెతో వచ్చి, దాన్ని నా కుడిచేతి దగ్గర పెట్టి, ఆ తరువాతనే పళ్ళెం తీశాడు. ఆ గిన్నె ఆ శాలలో అంతవరకు ఏ బల్ల మీదా చూడలేదు.

సూపర్‌వైజరమ్మ మా బల్ల దగ్గరికి వచ్చి, ఆ గిన్నె మీరు అడిగారా అని ఇంగ్లీషులో నన్ను ప్రశ్నించింది. లేదన్నాను. చేత్తో తినేవారికి ఇట్లా ఇవ్వడం మీ దేశంలో వాడుకా అని అడిగింది. భోజనం కాగానే చేతికి నీళ్ళు ఇవ్వడం మావైపు మర్యాద అని చెప్పాను. మడిచిన గుడ్డను చూపి అదేమని అడిగింది. అదీ చెప్పాను. విస్తరిని ఏ వైపు మడవాలో కూడా అడిగి తెలుసుకున్నది. నావంటి మనిషే అనిపించింది. ఆపైన పలకలో చాలాసేపు రాసింది.

మరునాటి పొద్దున ఫలహారమయ్యాక అతడు నా పళ్ళెం తీస్తూ, వంగినవాడు వంగినట్టే చెప్పాడు.

"ఇగ ఈడనే సారూ. క్యాంపుకు పోయేది లేదు."

పళ్ళెం పట్టుకొని తిన్నగా నడిచిపోయాడు. వంటింటి తలుపు వెనుక ఆ పళ్ళేలన్నీ ఏమవుతాయో, ఎవరు కడుగుతారో చూడాలని మనసు ఎంతగానో లాగింది. అయినా లేవలేదు.