పొట్టేలు తాగని నీళ్లు

మా వాగు ఒడ్డున మందుల ఫ్యాక్టరీ తెరిచిన రోజు, వేదిక మీది పెద్దమనిషి కొత్త టెక్నాలజీతో దేశం ముందుకు దూకుతుందన్నాడు. దూకింది. వచ్చి మా మీద పడింది. రాష్ట్రం వచ్చాక మక్తల్ వైపు మా ఊరికి దక్కిన మొదటి అభివృద్ధి అదే. మందులు ఏ దేశాలకో పోయేవి, వాసన మాత్రం మాకే. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. గొర్లకాపరి బిడ్డను, కెమిస్ట్రీ చదివి ఆ ఫ్యాక్టరీ ల్యాబులోనే ఉద్యోగం సంపాదించుకున్నాను. నా కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి.

నాయినకు ఒక పద్ధతి ఉండేది. నీళ్ల దగ్గర మందను ఆపి, ముందు నడిచే ముసలి పొట్టేలును ఒక్కదాన్నే వదిలేవాడు. అది తాగితేనే మిగతావి దిగాలి. వాళ్ల తాత కూడా అట్లాగే చేసేవాడట.

ఆ ఎండాకాలం వాగంతా ఎండినా ఫ్యాక్టరీ కింది మడుగులో నీళ్లున్నాయి. ఎందుకున్నాయో అప్పుడే అనుమానం రావలసింది. పొట్టేలుకు వచ్చింది. మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తిరిగింది. మూడు రోజులు అదే వరస. దూరపు బోరు దాకా నడవలేక గొర్రెపిల్లలు సొమ్మసిల్లుతున్నాయి.

“నీ మిషన్ ఏమంటదో జర చూడు బిడ్డా,” అన్నాడు నాయిన.

సీసాలో నీళ్లు తీసుకుపోయి పీహెచ్ మీటరు పెట్టాను. ఆ మీటరుకు పులుపు తప్ప ఇంకేమీ తెలియదు. అంకె బాగానే వచ్చింది, రిజిస్టరులో రాశాను. మిగతా పరీక్షలు చెయ్యాలంటే మేనేజరును అడగాలి. ఎక్కడి నీళ్లని అడుగుతాడు. ఉద్యోగం కొత్తది. నేను అడగలేదు.

“నీళ్లు మంచిగనే ఉన్నయి నాయినా. పొట్టేలే ముసల్ది అయింది,” అన్నాను.

మరునాడు నాయిన పొట్టేలు మెడ పట్టి మూతిని నీళ్లలో ముంచాడు. అది చాలాసేపు గింజుకుని చివరికి తాగింది. దాని వెనక మందంతా దిగింది. పొద్దుగూకేసరికి అన్నీ పొట్టలుబ్బి ఒడ్డున పడి ఉన్నాయి.

లేత జొన్న పిలకల్లో విషం ఉంటుంది, అవి మేసి చచ్చి ఉంటాయన్నారు ఫ్యాక్టరీవాళ్లు. పుట్టినప్పటి నుంచి గొర్లు కాసిన మనిషికి పిలకల గురించి పాఠం చెప్పారు, సిగ్గులేనివాళ్లు. నీళ్లలో తప్పేమీ లేదనడానికి రిజిస్టరు తెచ్చి చూపించారు. అందులో ఉన్నది నా చేతిరాత.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మా గొర్రె ఎవరినీ నమ్మలేదు. నమ్మింది నాయిన.

ఉద్యోగం మానేశాను. వాళ్ల మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు, నా మీదా అంతే. ఇంట్లో ఇప్పుడు ఫిల్టరు ఉంది. గ్లాసు అందిస్తే నాయిన తీసుకోడు, నా వైపు చూస్తూ కూర్చుంటాడు. నేను ఒక గుక్క తాగాకే చెయ్యి చాపుతాడు.