నాగమ్మ ఎడమ మోకాలు

దెయ్యాన్ని తెచ్చి చూపించండి, చెప్పుతో కొట్టి పంపిస్తానని చల్లపల్లి సభలో సవాలు చేసినవాణ్ణి నేను. ఆ మాట ఇవాళ్టికీ వెనక్కి తీసుకోను. అయినా ఇది రాయకపోతే అబద్ధమాడినట్టే.

డెబ్బైల మధ్యలో, బెజవాడలో మా వీధికి నాగమ్మ చేపలు తెచ్చేది. ఆమె అక్క సీతాలు మొగుడి దెబ్బలకు చచ్చిపోతే, వాడికి వండిపెట్టేవాళ్ళు లేరని ఆ పోలయ్యకే నాగమ్మను కట్టబెట్టారు. పైగా దాన్ని ఆచారమన్నారు. వాడు పడవ తెడ్డుతో ఈమె ఎడమ మోకాలు పగలగొట్టాడు.

వాపు తగ్గాక రిక్షా ఎక్కించి, నా మిత్రుడైన ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిపించి, పాదం కదలకుండా దాని మీద కూర్చున్నాడు. మోకాలి కింద రెండు చేతులా పట్టి ముందుకు లాగాడు. మొదట బాగున్న కాలు చూశాడు. కదల్లేదు. ఎడమ కాలు లాగితే బల్ల సొరుగులా జరిగి వచ్చింది. పక్కకు వంచితే పక్కకూ వంగింది.

“లోపల ఎముకల్ని పట్టి ఉంచే పట్టీలు తెగాయండీ. ఈ కాలు బరువు మొయ్యదు,” అన్నాడు.

“నన్ను ఇంటికి మాత్రం పంపకండి బాబుగారూ. ఈసారి చంపేస్తాడు,” అంది నాగమ్మ.

అంతలో పోలయ్యే తలుపు తన్నుకుని వచ్చాడు. “ఏవే, దొరల చేత కాళ్ళు పట్టించుకుంటున్నావా? లే,” అంటూ జుట్టు పట్టి ఆమెను బల్ల మీంచి కిందికి ఈడ్చాడు. అడ్డం వెళ్ళిన నన్ను గోడకేసి కొట్టాడు. కళ్ళజోడు పగిలి కనుబొమలో గుచ్చుకుంది.

నాగమ్మ లేచింది. ఏ ఆసరా లేకుండా ఆ ఎడమ కాలి మీద నిలబడి, కుడి కాలితో వాడి రొమ్ము మీద తన్నింది. పడ్డవాడి మూతి మీద మళ్ళీ మళ్ళీ తన్నింది. పళ్ళు రాలాయి. వాడు ఆమె ముఖంలోకి చూసి, “వద్దే సీతాలూ, ఇంక కొట్టనే,” అంటూ నేల మీద పాకుతూ బయటపడ్డాడు. ఆమె స్పృహ తప్పి పడిపోయింది.

చంపినవాడికి చచ్చినామె కనబడటం వింత కాదు. తప్పు చేసిన మనసు అలాంటి పనులే చేస్తుంది.

డాక్టరు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి అదే కాలు లాగాడు. జరగలేదు. తొడ కండరాలు బిగిస్తే జరగదని ఆయనే ఒకసారి చెప్పాడు, అదే గుర్తుచేశాను. “మీరే పట్టి చూడండి,” అన్నాడు. తొడ వెనక చెయ్యి పెట్టాను. నానిన పిండిలా మెత్తగా ఉంది. మర్నాడు లాగితే మళ్ళీ మునుపటిలాగే జరిగి వచ్చింది.

నాగమ్మ గుణదలలో పాక వేసుకుని, కర్ర పట్టుకుని చేపలమ్మింది. పోలయ్య మళ్ళీ ఆమె గుమ్మం తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో చెప్పగలను. ఆ కాలు ఎలా నిలబడిందో మాత్రం, ఎంత తర్కించినా, నాకు తెలియదు.