ఉమ్మి వెయ్యని వెంట్రుకల ఉండ

నగరిలో పవర్‌లూమ్‌ల చప్పుడు దాటుకుని పుత్తూరు రోడ్డు ఎక్కితే వెంట్రుకల ఎగుమతి కంపెనీ ఒకటి వస్తుంది. అందులో గుమాస్తా మునిప్రసాద్‌కు ఈమధ్య ఒక పిచ్చి అలవాటు పట్టుకుంది. చిక్కు వెంట్రుకల మూట వచ్చిందంటే చాలు, మూతి విప్పి, "తూ, తూ, తూ" అని మూడుసార్లు ఉత్తుత్తిగా ఉమ్మిగానీ కలం పట్టడు. చిక్కులు తీసే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. "దొరల సీమకు పొయ్యే సరుకప్పా, ఎంగిలి సేసేవు!" అని ఏడిపిస్తారు. నవ్వనీండి, వాళ్ళకేం తెలుసు పాపం.

ఓడెక్కే సరుకుకు కస్టమ్స్ వాళ్ళ పట్టికలో ఏ పద్దు వర్తిస్తుందో తేల్చడం అతని పని. కడిగి, సాపు చేసి, రంగేసిన జుట్టు ఒక పద్దు. తల మీంచి వచ్చింది వచ్చినట్టే ఉంటే ఇంకో పద్దు. దువ్వెన పళ్ళలో ఊడిన చిక్కు కూడా ఈ రెండో దాని కిందికే. ఆ పట్టికలో మనిషి జుట్టుకు ఇరుగుపొరుగు ఎవరనుకున్నారు? పంది బొచ్చు! ఆ రాసిన మహానుభావుడు ఏ మూడ్‌లో ఉన్నాడో ఏమో. సరే, జుట్టులో నైలాను పోగులు కలిపి అంటగట్టే ఘనులూ ఉంటారు. వాళ్ళను పట్టుకోవడానికి ఒక కిటుకు ఉంది. వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య నిలువునా పెట్టి నలిపితే, అది కుదురు వైపుకు పాకుతుంది. తిప్పి పట్టుకుంటే అదీ తిరిగి మళ్ళీ కుదురు వైపుకే. ఏ తల నుంచి ఊడిందో ఆ తలను వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. నైలాను మాత్రం ఎటూ కదలదు.

పోయిన ఏడు అతని భార్య సుజన జ్వరంతో పడుకుని మళ్ళీ లేవలేదు. బతికుండగా ఆమె సవరం చేయించుకోవాలని, దువ్వుకున్నప్పుడల్లా ఊడిన వెంట్రుకలను ఉండ చుట్టి బూస్ట్ డబ్బాలో దాచేది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఊడిన జుట్టును మూడుసార్లు ఉమ్మిగానీ పారెయ్యరు కదా. ఉమ్మితే ఆ జుట్టుకూ మనిషికీ తెగిపోయినట్టు. దాచుకునేదాని మీద ఎవరూ ఉమ్మరు, సుజనా ఉమ్మలేదు. ఆమె పోయాక మునిప్రసాద్ పని నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా ఆ డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. మెంతులు వేసి కాచిన నువ్వుల నూనె వాసన. అన్నం సయించేది కాదు. తల్లి సుబ్బులమ్మ అది చూసి చూసి లోపల్లోపల కుమిలిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉంది. పక్కన తళతళలాడే కొత్త స్టీలు గిన్నె.

"అమ్మా! దీంట్లో ఉండేది యాడ?"

"ఎంటికలు కొనే ఎంకటమునికి ఏసేసినా రా. మోపెడ్డు మీద వచ్చినాడు. ఇదో, గిన్నె ఇచ్చినాడు."

"నా పెళ్ళాం ఎంటికలకు గిన్నె తీసుకుంటివా! నువ్వు అమ్మవేనా?"

"ఒరే నాయనా, ముందు నేను సెప్పేది ఇను..."

వినే స్థితిలో ఉంటే కదా. వెంకటముని ఊళ్ళు తిరిగి కొన్న చిక్కంతా తెచ్చి కుమ్మరించేది తమ కంపెనీలోనే. ఆ సరుకు తెల్లారితే లారీ ఎక్కి చెన్నై రేవుకు పోతుంది. ఓడెక్కిందంటే సుజన ఇక దక్కదు. మునిప్రసాద్ పరుగు పెట్టాడు.

గోడౌన్‌లో కుప్ప నిలువెత్తు ఉంది. ఎన్ని ఊళ్ళ తలలో, ఎన్ని రకాల నూనెలో, అన్నీ కలిసిన ముక్క వాసన. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ఉండా తీసి వాసన చూస్తూ పోయాడు. పొద్దు వాలింది. చేతులకు వెంట్రుకలు చుట్టుకుంటున్నాయి, విదిలిస్తే పోవడం లేదు. ఉన్నట్టుండి, ఎవరూ తాకకుండానే కుప్ప పైనుంచి ఒక ఉండ దొర్లి వచ్చి అతని ఒళ్ళో పడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మెంతులు, నువ్వుల నూనె. "వచ్చినావా!" అని బావురుమన్నాడు.

ఉండను తెచ్చి మళ్ళీ డబ్బాలో పెట్టాడు. తల్లితో మాట్లాడలేదు. కొత్త గిన్నెలో అన్నం పెడితే ముట్టలేదు.

శుక్రవారం దీపాల వేళ పెరట్లో చప్పుడైంది. తలంటుకున్న ఆడవాళ్ళు తడి జుట్టును తువ్వాలుతో కొట్టి దులుపుకుంటారే, ఆ చప్పుడు. ఫట్, ఫట్. ఒక్క ఉదుటున వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. బట్టలుతికే బండ మాత్రం తడిసి ఉంది. మరునాడూ అదే వేళకు అదే చప్పుడు. అతనికి భయమేయలేదు సరికదా, పెళ్ళినాటి సంబరం ముఖంలోకి వచ్చింది. ఉండలోంచి ఒక వెంట్రుక లాగి వేళ్ళ మధ్య నలిపాడు. అది పెరటి తలుపు వైపుకు పాకింది. తిప్పి పట్టుకుని నలిపాడు. అప్పుడూ పెరటి తలుపు వైపుకే! ఏ వెంట్రుకా అలా పోదు.

"అమ్మా, సుజన వచ్చిందే," అన్నాడు.

సుబ్బులమ్మ ఉండ వైపు చూసి వెనక్కి జరిగింది. "ఆ బిడ్డ రాదురా. ఆ దినం నేను ఊరికే ఇయ్యలేదు. మూడు మాట్లు ఉమ్మి, 'పో తల్లీ, సుఖంగా పో, నా కొడుకును ఇడిసిపెట్టు' అని సెప్పి ఇచ్చినా. ఆ పొద్దే తెగిపోయినాది. నువ్వు తెచ్చి పెట్టుకున్నది యా తల్లిదో!"

మెంతులు కాచుకునేది సుజన ఒక్కతేనా? చిత్తూరు జిల్లా ఆడవాళ్ళంతా కాచుకుంటారు. ఎవరి బొచ్చు ఏదో ఇన్నేళ్ళు తేల్చిన మనిషి సొంత భార్య జుట్టు దగ్గర బోల్తా పడ్డాడు.

బయట చప్పుడు ఆగలేదు. ఫట్, ఫట్. ఉండను చేతిలో పట్టుకుని మునిప్రసాద్ పెరటి తలుపు ఓరగా తీశాడు.

"అన్నా," అంది చీకట్లోంచి ఒక గొంతు.

సుజన గొంతు కాదు. ఎప్పుడూ విన్న గొంతు కాదు.

"ఎవురమ్మా నువ్వు?"

"నాది నీ సేతిలో ఉండాదన్నా. అది ఈడుంటే నేను యాడికీ పోలేను."

మునిప్రసాద్ అడగకుండా ఉండలేకపోయాడు. "ఆడ మా సుజన కనిపించినాదా తల్లీ?"

తువ్వాలు చప్పుడు ఆగింది.

"ఎవురైనా ఉమ్మి ఇడిసిపెట్టినోళ్ళు ఈడ నిలబడరన్నా. దాటి పోతారు. ఎవురూ ఉమ్మనోళ్ళమే ఉండాము. శానా మందిమి."

మునిప్రసాద్ గడప మీద కూలబడి ఏడ్చాడు. సుజన లేదు. ఎక్కడా లేదు. తను డబ్బాలో దాచిపెట్టుకుని వాసన చూసినన్నాళ్ళూ ఆమె కూడా ఇలాగే తడి తలతో పెరట్లో నిలబడి ఉంటుంది. ఆమెను వదిలిపెట్టింది అమ్మ. తను కాదు. ఉండను ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. నోరు పిడచకట్టుకుపోయి ఉమ్మి రాలేదు. చివరికి ఎలాగో మూడుసార్లు "తూ" అని, "పో తల్లీ, సుఖంగా పో" అన్నాడు. అమ్మ అన్న మాటలే.

మళ్ళీ చప్పుడు లేదు. వేళ్ళ మధ్య మిగిలిన వెంట్రుకను నలిపి చూశాడు. నైలాను పోగులాగా ఎటూ కదల్లేదు.

లోపలికి వచ్చి పీట వాల్చుకున్నాడు. సుబ్బులమ్మ భయం భయంగా కంచం తీయబోయింది.

"కంచం వద్దమ్మా," అన్నాడు. "ఆ గిన్నెలో పెట్టు."

ఆమె కొడుకు ముఖంలోకి ఒకసారి చూసి, గిన్నెను కొంగుతో తుడిచి, అన్నం వడ్డించింది.