లూసీ ఆంటీ టేపు చుట్ట

లోకంలోని జబ్బులన్నిటికీ లూసీ ఆంటీ దగ్గర ఒకటే పేరుంది: నులిపురుగులు. పిల్లాడు అన్నం తినకపోతే పురుగులు, ఎక్కువ తింటే మరీ పురుగులు. భీమవరంలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి కదా! అమెరికాలోని చాండ్లర్ వచ్చి పదేళ్ళయినా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో బైబిలు పక్కన టేపు చుట్ట ఉండాల్సిందే.

ఒకసారి చర్చిలో ప్రసంగం మధ్యలో భర్త జయరాజుగారు ఆవులిస్తే, రాత్రి దురదతో నిద్ర పట్టలేదా అని అందరూ వినేలా అడిగేసింది. పాపం, ఆ పెద్దమనిషి అప్పట్నించీ ఆవులింతలు మింగేస్తున్నాడు.

ఆవిణ్ణి చూస్తే చర్చిలో పిల్లలు గోళ్ళు దాచుకునేవాళ్ళు. పర్సిస్ అయితే నాలుగేళ్ళ కొడుకు లెవిని చంకనేసుకుని పక్క తలుపులోంచి జారుకునేది.

ఎవరిని తప్పించుకు తిరుగుతామో వాళ్ళతోనే పని పడుతుంది. లెవికి కూర్చునే చోట ఒకటే దురద, మూడు రోజులుగా నిద్ర లేదు. పర్సిస్ సిగ్గు చంపుకుని ఆంటీకి ఫోన్ చేసింది. పొద్దున లేవగానే, కడగకముందే అక్కడ టేపు అంటించి తీసి డాక్టర్‌కి ఇమ్మంది ఆంటీ. మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు కనబడనే కనబడ్డాయి. ఇంటిల్లిపాదికీ మందు, రెండు వారాలకి ఇంకో డోసు, దుప్పట్లన్నీ వేడినీళ్ళలో ఉతకడం.

"సండేస్కూలు తల్లులకి కూడా చెప్పాలమ్మా. లేకపోతే తిరిగి వీడికే అంటుకుంటాయి," అంది ఆంటీ.

పర్సిస్ బతిమాలింది. "వద్దాంటీ. మా ఇల్లు నీట్‌గా ఉండదనుకుంటారు. ఆదివారం చర్చి ప్రేమవిందులో నా బిర్యానీ ఎవరు ముట్టుకుంటారు?"

"ఆదివారం చూద్దాంలే," అంది ఆంటీ. అదే పర్సిస్‌ని భయపెట్టింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళ గురించి సాక్ష్యాలు చెప్పే వేళ ఆంటీ లేచి మైకు అందుకుంది. పర్సిస్ లెవి చెయ్యి పట్టుకుని పక్క తలుపు వైపు చూసింది.

"అందరికీ వందనాలు. నాకు నులిపురుగులు వచ్చాయి. మందేసుకున్నాను, దేవుడు బాగుచేశాడు. సండేస్కూల్లో బిస్కెట్లు పంచేది నేనే. కాబట్టి పిల్లలందరికీ టెస్ట్ చేయించండి."

జయరాజుగారు పాటల పుస్తకంలో మొహం దాచుకున్నారు.

ఆ మధ్యాహ్నం విందులో పర్సిస్ బిర్యానీ గిన్నె క్షణాల్లో ఖాళీ అయింది. ఆంటీ వండుకొచ్చిన గారెల వైపు మాత్రం ఒక్కరూ పోలేదు. పర్సిస్ కళ్ళు తుడుచుకుని, తిన్నగా వెళ్ళి నాలుగు గారెలు పళ్ళెంలో వేసుకుంది.

"సాక్ష్యంలో అబద్ధమా ఆంటీ?" అని గొణిగింది.

"అబద్ధమెందుకవుతుంది? నిజంగానే వచ్చాయి, నాకు ఏడేళ్ళప్పుడు. ఏ సంవత్సరమో ఎవరూ అడగలేదుగా."

పర్సిస్ నవ్వుతూ అయిదో గారె అందుకుంది. ఆంటీ ఆ పళ్ళెం వంక అనుమానంగా చూసి, హ్యాండ్‌బ్యాగు తెరిచింది.