హోండురస్‌లో రెండు ఖాళీ సీట్లు

ఎనభైల నడుమ ఒక మార్చిలో హోండురస్‌లో దిగాను. మండిపోయే రన్‌వే, చుట్టూ పైన్ చెట్ల కొండలు. గుంటూరులో చదివి అమెరికా సైన్యంలో డాక్టరుగా చేరినవాణ్ణి. ఒక కెప్టెన్ పావుగంటలో ఆ దేశాన్ని మాకు పరిచయం చేశాడు. అరటి, కాఫీ. కుళాయి నీళ్ళు తాగొద్దు. చీకటి పడ్డాక బయటికి పోవద్దు. దేశమంటే అంతేనట.

హెలికాప్టర్‌లో కొండ ఊళ్ళకు వెళ్ళి, ఒక్క పూట వైద్యం చేసి రావడం మా పని. నులిపురుగుల మాత్రలు, విటమిన్లు, పళ్ళు పీకడం. వెళ్ళిన ఊరికి మళ్ళీ వెళ్ళేది లేదు.

మూడో ఊళ్ళో, బడి గదిలోకి, ఒక తల్లి పదహారేళ్ళ కూతుర్ని తెచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. స్టెతస్కోప్ పెట్టగానే తెలిసిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రిలో రోజూ విన్న చప్పుడే. చిన్నప్పటి కీళ్ళ జ్వరం గుండె కవాటాన్ని బిగించేసింది. రాజధానికి చేర్చి ఆపరేషన్ చేయిస్తే బతుకుతుంది. మా పెట్టెలో విటమిన్లు ఉన్నాయి.

బేస్‌తో మాట్లాడటానికి రేడియో అందుకున్నాను.

"తల్లినీ కూతుర్నీ తీసుకొస్తాను. రెండు సీట్లు ఖాళీ."

"కుదరదు డాక్. మనవాళ్ళు తప్ప ఎవరూ ఎక్కకూడదు. ఆర్డర్."

"పిల్ల చచ్చిపోతుంది."

"అర్థమైంది. నాలుగింటికి బయల్దేరండి."

పైలట్‌ని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు.

నేను రేడియో పట్టుకోవడం చూసి, తమను తీసుకెళ్తామనుకుని ఆ తల్లి ఇంటికి పరుగెత్తిందట. బయటికొచ్చేసరికి పిల్ల తల దువ్వుకుని, బూట్లు తొడుక్కుని హెలికాప్టర్ దగ్గర నిలబడి ఉంది. తల్లి చేతిలో మొక్కజొన్న రొట్టెల మూట. స్పానిష్ తెలిసిన సార్జంట్ విషయం చెప్పాడు. ఆమె ఏడవలేదు. తిట్టినా బాగుండేది. మూట నా చేతిలో పెట్టింది.

"దారిలో తినమంటోంది సార్," అన్నాడు సార్జంట్.

మా యూనిఫామ్ మీద నాకు అసహ్యం వేసింది. అయినా ఎక్కాను.

జూన్‌లో టెక్సాస్ తిరిగొచ్చాను. ఇప్పుడు రిటైరై అక్కడే ఫ్రిస్కోలో ఉంటున్నాను. మొన్న స్నేహితుడి కూతురు క్రూజ్ సంగతి ఎత్తింది.

"అంకుల్, షిప్ హోండురస్‌లో ఆగుతుంది. మీరక్కడ డ్యూటీ చేశారంట కదా. వన్ డేలో ఏం కవర్ చేయొచ్చు?"

"ఒక్క రోజులో ఏమీ చేయలేమమ్మా," అన్నాను.

నవ్వేసింది. నాకు మాత్రం ఎదురుగా బెల్టులు వేలాడుతున్న ఆ రెండు సీట్లే కనిపించాయి. ఒడిలో మూట. బేస్‌లో దిగేదాకా అది వెచ్చగానే ఉంది.