మూడు కోళ్ళు, ఒక గుడ్డు

ప్రశ్నపత్రం కూర్చేవాడికి లోకజ్ఞానంతో పని లేదన్న సంగతి నాకు జహీరాబాదులో తెలిసివచ్చింది. అవి అరవైల తొలి సంవత్సరాలు. అక్కడి ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం బోధించేవాణ్ణి. తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షకు లెక్కల పత్రాన్ని హెడ్మాస్టరుగారు స్వయంగా తయారుచేశారు. అందులో ఒక ప్రశ్న ఇది: ఒక కోడి ఒక గుడ్డును ఇరవైయొక్క రోజుల్లో పొదిగితే, అదే గుడ్డును మూడు కోళ్ళు కలిసి ఎన్ని రోజుల్లో పొదుగుతాయి?

చదవగానే వెగటు పుట్టింది. త్రైరాశికం నేర్పడానికి గోడలు కట్టే కూలీలున్నారు, బావులు తవ్వే కూలీలున్నారు. కోడిని కూలికి పెట్టవలసిన అవసరమేమిటి? మార్కులు కూడే పని నాకు అప్పగించడంతో జవాబులు చూశాక ఆ వెగటు ఏవగింపుగా మారింది. ఇంటింటా కోళ్ళ గంపలున్న ఊరది. తరగతిలో సగం మంది కోహీరు, ఝరాసంగం వైపు రైతుల పిల్లలు. అయినా దాదాపు అందరూ 'ఏడు రోజులు' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు.

ఒక్కడు మాత్రం అలా రాయలేదు. రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలే ఆయన కొడుకు వాడు. వాడి జవాబు ఇలా సాగింది:

"ఒక గుడ్డు మీద మూడు కోళ్ళకు చోటు చాలదు. చాలిందనుకున్నా గుడ్డు పగులుతుంది. పగలలేదనే అనుకుందాం. మూడు కోళ్ళ ఒంటి వేడి ఒకటే. సమానమైన వేడి గల వస్తువులు ఒకదానికొకటి తగిలితే వేడి పెరగదని ఉష్ణం పాఠంలో ఉంది. ఒకవేళ మూడింతలైతే ఏడో రోజు దాకా ఆగనక్కరలేదు, మొదటి రోజే గుడ్డు ఉడుకుతుంది. అప్పుడు పిల్ల రాదు, ఉప్పు, మిరియాలు తెచ్చుకోవాలి. కాబట్టి జవాబు ఇరవైయొక్క రోజులే, అదీ కోళ్ళు కొట్లాడుకోకపోతే."

దీనికి హెడ్మాస్టరుగారు సున్నా వేశారు. ఆ సున్నాతో వాడు లెక్కల్లో తప్పాడు. తప్పితే బడి మాన్పించి జట్కా పగ్గాలు చేతికిస్తానని తండ్రి ముందే చెప్పి ఉన్నాడు. ఆ సాయంత్రం జవాబుపత్రం తీసుకుని హెడ్మాస్టరుగారింటికి వెళ్ళాను.

"లెక్క చెయ్యమంటె వంట చేసిండు సారూ గీ పోరడు," అన్నారాయన.

"ఉష్ణం పాఠం చెప్పింది నేనే. వాడు రాసినదాంట్లో తప్పు లేదు."

"మీ సైన్సు మీ పేపర్ల పెట్టుకోన్రి. లెక్కల పేపర్ల ఏడే."

ఇంతలో దూరంగా ఉరిమింది. ఆయన గబగబ లేచి వరండా మూలకు వెళ్ళారు. అక్కడ గంపలో గడ్డి మీద ఒక కోడి పొదుగుతోంది. ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా గుడ్ల పక్కన బొగ్గుముక్క, ఎండు మిరపకాయ ఉంచడం ఆ ప్రాంతపు ఆచారం. అవి ఉన్నాయో లేదో గడ్డిలో వేలు పెట్టి చూసుకుని, నాతో మెల్లగా అన్నారు:

"కుర్చీ జర దూరం జరుపున్రి సారూ. బెదిరి లేస్తది. ఇంక పది దినాలు కూసోవాలె."

"మరో రెండు కోళ్ళను కూర్చోబెడితే పది దినాలు అక్కరలేదు కదా?"

నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్లు చూశారు. "గుడ్లు పలుగుతయి."

"మీ ప్రశ్నపత్రంలో పగలలేదే?"

"అది లెక్క సారూ. ఇది కోడి."

ఇంత విద్యావంతుడి నోట ఆ మాట విని నేను ఆయన ఇప్పించిన తేనీరు ముట్టలేదు. జవాబుపత్రాన్ని ఆయన ముందునుంచి తీయనూ లేదు. చాలాసేపటికి ఆయనే విసుక్కున్నారు.

"పోరడు ఫెయిల్ కావద్దు, గదే కదా మీ ఫికర్? దయ మార్కులు కలుపుత. ఆ సున్నా మాత్రం తియ్య."

అన్నట్లే చేశారు. సత్యం రాసినవాడు దయ మీద పై తరగతికి వచ్చాడు. 'ఏడు' రాసినవారంతా తమ హక్కుగా వచ్చారు.

బడి తెరిచాక వాడు నా దగ్గరికి వచ్చి అడిగాడు. "సార్, నేను రాసింది రైటా, తప్పా?"

"సరైనదే."

"మరి సున్నా ఎందుకేసిన్రు?"

నేను బల్ల మీది హాజరుపట్టీ తెరిచాను. వాడు నన్ను ఓదార్చుతున్నట్లు అన్నాడు. "ఫికర్ చెయ్యకున్రి సార్. ఈసారి అడిగితె ఏడే రాస్త. జట్కా తోలుడు నాతోని కాదు."