ఒంటి లోలాకు పొట్టేలు

తల్లి చచ్చిన గొర్రెపిల్లను పిల్ల చచ్చిన తల్లికి అంటగట్టడం మా చెల్లెలు సాధించిన మొదటి ఘనత. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. చచ్చిన పిల్ల తోలును బతికినదానికి చొక్కాలా తొడిగి, మూడు రోజులు దొడ్డిలోనే కూర్చుంది. నాలుగో రోజు ఆ గొర్రె వాసన చూసి, కదలకుండా పాలిచ్చింది. అది మా నాన్న చేత కూడా కాని పని.

ఆ తరువాత నలభై ఏళ్లు మా గొర్రెల జాతిని చెడనివ్వలేదు. తెల్లటి ఒళ్లు, ఉన్ని కాదు, పొట్టి బొచ్చు. దవడ నుంచి పొట్ట కిందుగా తోక దాకా నలుపు. పొట్టేలుకు మెలితిరిగిన కొమ్ములు, మెడ కింద లోలాకుల్లా వేలాడే రెండు కండలు. చుట్టుపక్కల వాళ్లంతా బరువుకు ఆశపడి పరాయి పొట్టేళ్లను కలిపారు. మా చెల్లెలు కలపలేదు. వేర్వేరు తల్లుల పొట్టేళ్లు మూడింటిని ఉంచి, ఏ గొర్రెకు ఏది తగునో నోటి లెక్కతో చెప్పేది. ఎదకాలానికి రెండు వారాల ముందు నుంచే గొర్రెలకు గింజలు పెట్టేది. పశువుల ప్రదర్శనలో వరుసగా ఆరేళ్లు మొదటి బహుమతి. ఆ కాగితాలకు అద్దాలు కట్టించింది నేనే.

మూడేళ్ల కిందట పుట్టిన ఒక పొట్టేలుపిల్లకు అన్నీ కుదిరాయి గానీ, లోలాకు ఒక్కటే ఉంది.

"ఉంచుకుందాం అన్నయ్యా. వీడి నడక చూడు" అంది.

"ఒంటి చెవికి కమ్మ పెట్టుకున్న పెళ్లికొడుకులా ఉన్నాడు. ప్రదర్శనలో నవ్విపోతారే!" అన్నాను.

ఆ వారమే వాణ్ణి బేరగాడికి అమ్మేసింది.

పోయిన నెల నీలినాలుక రోగం వచ్చి, ఎనిమిది రోజుల్లో మూడు పొట్టేళ్లూ పోయాయి. అప్పటి నుంచి గొర్రెలు, దొడ్డి ఎంత ఇరుకైనా, అమ్మేయక ముందు ఒంటి లోలాకు వాణ్ణి కట్టిన గుంజ పక్కన ఒక పొట్టేలు పట్టేంత చోటు వదిలి పడుకుంటున్నాయి.

ఒక ఉదయం దొడ్డి ఊడుస్తూ, "నీకూ వినిపిస్తోందా?" అంది మా చెల్లెలు.

"ఏంటి?"

"వాడి అరుపు. గొంతు మారింది అన్నయ్యా. పెద్దవాడయ్యాడు."

"నీ మొహం! గాలి" అన్నాను. కానీ నేనూ విన్నాను. ఇప్పుడు ఆ ఖాళీని నేను కూడా చుట్టు తిరిగే దాటుతున్నాను.

బేరగాడికి ఫోన్ చేసింది. "కొండ పక్క ఒక ముసలాయన దగ్గర ఉండాలమ్మా. విత్తులు కొట్టించాడో లేదో మాత్రం నన్నడగొద్దు" అన్నాడు.

మర్నాడే తాడు, గింజల సంచి తీసుకుని బయలుదేరింది.

"నేనూ రానా?"

"నువ్వొస్తే వాడు రాడు" అంది, చెప్పులు వేసుకుంటూ. గుమ్మం దాటుతూ, "వాడు మగాడిగా మిగిలి ఉంటే నడిపించుకొస్తా. లేకపోతే ఈ జాతి మనతో సరి" అంది.

ఎదకాలం ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఆమె చెప్పినట్టే రోజూ గొర్రెలకు గింజలు పెడుతున్నాను. రాబోయే మంగళవారం, ఆగస్టు పద్దెనిమిది సాయంత్రానికి వస్తానంది.